చిన్న చెంచా భోజనం

పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. గుడ్డు తెల్లసొన ముక్క నోట్లో మెత్తబడి, రుచంతా పోయి, పిండిలా అయ్యేదాకా దమయంతి లెక్కపెట్టుకుంటూ నమిలింది. అప్పుడు మింగింది. చెంచా పళ్లెంలో పెట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. చెంచా చేతిలో ఉంటే ఆ చెయ్యి ఊరుకోదని ఆమెకు బాగా తెలుసు. ఒక నిమిషం ఆగి రెండో ముక్క తీసుకుంది. కిటికీ అవతల ఎన్నూరు థర్మల్ స్టేషను పొగగొట్టం మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

ఒక్క గుడ్డు తినడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆఖరి ముక్క దగ్గర ముక్కు కాస్త చెమ్మగిల్లింది. చాలు అని కడుపు చెప్పే మాట అది. ఒకప్పుడు ఆ కడుపు ఏమీ చెప్పేది కాదు. ఏడాదిన్నర క్రితం పెద్ద ధర్మాసుపత్రిలో దాన్ని కోసి, అరటికాయంత గొట్టంలా మిగిల్చారు. ఆ రోజు ఆమె బరువు నూట ముప్ఫై నాలుగు కిలోలు. ఇప్పుడు ఎనభై.

నీళ్లు తాగలేదు. తిన్న అరగంటకు గాని తాగకూడదు. అద్దం ముందు నిలబడి జాకెట్టు హుక్కులు పెట్టుకుంది. మోచేతుల పైన చర్మం ఖాళీ సంచిలా వేలాడుతుంది. దాన్ని మడిచి జాకెట్టు చేతుల్లోకి తోసింది. జుట్టు సగానికి సగం రాలిపోయింది. కానీ మెడ కింద రెండు ఎముకలు పైకి తేలాయి. తనకూ అలాంటి ఎముకలు ఉన్నాయని నలభై ఆరేళ్లకు తెలిసింది. ఎవరూ చూడనప్పుడు వాటిని వేలితో తడుముకుంటూ ఉంటుంది.

మొదట్లో వీధిలో అందరూ ఆరా తీశారు. షుగరా, ఇంకేదైనా పెద్ద జబ్బా అని గొంతు తగ్గించి అడిగారు. "జబ్బూ లేదు, గిబ్బూ లేదక్కా. కడుపు కోసి చిన్నది చేసినారు. అవళోదాన్, అంతే," అని గట్టిగానే చెప్పేది. దాచుకోవాల్సిన పని చేశానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఎటూ పాలుపోనిది భర్త బాలకృష్ణన్‌కే. అతను మితభాషి. ఇరవై రెండేళ్ల కాపురంలో ప్రేమంతా పొట్లాల్లోనే తెచ్చాడు. ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి పరోటా, కుర్మా, వేడివేడి బజ్జీలు సిద్ధంగా ఉండేవి. ఆపరేషను తర్వాత మూడు నెలలు ఉత్త చేతులతో ఇంటికొచ్చి, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గడపలో నిలబడేవాడు. ఒకరోజు సౌకార్‌పేట పోయి, స్టీలు సామాన్ల టోకు అంగట్లో వెతికి, పసిపిల్లలకు ఉగ్గు పెట్టే చెంచాలు ఆరు తెచ్చాడు. "దీంతో తింటే కొంచెమైనా ఎక్కువసేపు తింటావు గదా," అన్నాడు. అవి చూసి దమయంతి ఏడ్చింది. ఆపరేషను నొప్పికి కూడా ఆమె ఏడవలేదు.

ఆరున్నర బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బడిపిల్ల ఒకతె వచ్చి పక్కన కూర్చుంది. దమయంతి అలవాటు కొద్దీ ఇంకా కిటికీకేసి ఒదిగింది. పక్కన బోలెడు చోటు మిగిలిపోయింది. ఆ పిల్ల అక్కడ పుస్తకాల సంచి పెట్టుకుంది. కంటెయినర్ లారీల వెనకాల బస్సు నెమ్మదిగా కదులుతుంటే, మనలి దగ్గర పడేకొద్దీ గాలిలో ఫ్యాక్టరీల ఘాటు పెరిగింది.

ఆమె పని మంచాన పడ్డవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకోవడం. పదిహేడేళ్లుగా అదే పని. మూడేళ్ల కిందట ఒక ముసలమ్మ స్నానాల గదిలో జారితే, పట్టుకోబోయి తానూ కూలబడింది. ముసలమ్మకు దెబ్బ తగల్లేదు. కానీ దమయంతి తన ఒళ్లు తాను లేపుకోలేకపోయింది. ఎవరో వచ్చి తలుపు తీసేదాకా, గంటసేపు, ఇద్దరూ తడినేల మీదే ఉండిపోయారు. ఆ ముసలమ్మే ఆమె వీపు నిమురుతూ, ఏం కాదులే అంటూ ఉంది. ఆ గంటలోనే ఆమె మనసులో ఆపరేషను ఖాయమైంది.

మనలి న్యూ టౌనులో మూడో అంతస్తు. లిఫ్టు ఉంది. దమయంతి మెట్లే ఎక్కింది.

తలుపు తీసిన సునయన అప్పటికే ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుంది. "నాన్న రాత్రి బాగానే పడుకున్నారక్కా. పొద్దున లేచిన దగ్గర్నుంచీ మాత్రం ఏదో అలకలో ఉన్నారు. నాతో మాట్లాడట్లేదు."

"నేను చూసుకుంటా. నువ్వు పో పాపా, బండి తప్పిపోతాది."

సునయన తండ్రి అచ్యుతరామయ్య తెనాలి నుంచి వచ్చి, మనలిలో ఒక రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట ముద్దయింది. అన్నిటికన్నా కష్టం, మింగడం పోయింది. నీళ్లు తాగినా పొరబోయేది. అన్నీ చిక్కటి జావలా చేసి పెట్టమన్నారు డాక్టర్లు. ఆయన నోరు తెరిచేవాడు కాదు. పిల్లాడికి పెట్టినట్టు పెడుతుంటే మొహం తిప్పుకునేవాడు. ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని డాక్టర్లు తేల్చిన వారంలో దమయంతి ఈ ఇంట్లో అడుగుపెట్టింది.

మొదటి రెండు రోజులూ ఆయన ఉమ్మేశాడు. మూడో రోజు ఆమె తన డబ్బా తెచ్చుకుని ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుంది. "నేనూ ఈడనే తింటానయ్యా," అంది. చిన్న గిన్నెలో మెదిపిన పప్పు, గుడ్డు. ఉగ్గు చెంచాతో ఒక్కొక్క ముద్దే తీసుకుంటూ, నములుతూ, ఆగుతూ, అరకప్పు తినడానికి అరగంట చేసింది. ఆయన రెప్పవేయకుండా చూశాడు. చివరికి ముద్దమాటలతో, "నీకూ... పక్షవాతమా?" అన్నాడు.

"లేదయ్యా. కడుపు కోసినారు. ఇంతకంటే పట్టదు. ఆత్రం పడితే వాంతే."

ఆయన ఆమె గిన్నెకేసి, తన గిన్నెకేసి చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

మర్నాడే ఆమె ఇంకో రెండు ఉగ్గు చెంచాలు తెచ్చి ఆ వంటింట్లో పెట్టింది. అప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకటే వేళ, ఒకటే కొలత. ఆయన చెవిలో వినికిడి మిషను జారి ఈల వేస్తే, నొక్కి సరిచేసి చెప్పేది. "గడ్డం దించండయ్యా. మింగండి. ఇంకోతూరి మింగండి." గొట్టం ఊసు ఆగిపోయింది. ఆయన మూడు కిలోలు పెరిగాడు. ఆ నెలలోనే ఆమె మూడు కిలోలు తగ్గిందని తెలిసి, "నువ్వు పారేసింది... నాకు దొరికింది," అన్నాడు. ఆ మాట పూర్తి చేయడానికి ఆయనకు నిమిషం పట్టింది. ఆమె ఓపిగ్గా విని, పడీపడీ నవ్వింది.

ఆ పొద్దున అలకకు కారణం పదింటికి బయటపడింది.

"పెసరట్టు," అన్నాడు.

"సరి, పెసలు ఉడకబెట్టి మెత్తగా చేస్తా."

"జావ కాదు. అట్టు." ఎడం చేత్తో కుర్చీ చేతిమీద కొట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

దమయంతికి ఆ కోపం పరాయిది కాదు. ఆపరేషనైన నాలుగో నెలలో మేనకోడలి పెళ్లి. భోజనాల హాలు వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా రెండు లడ్లు గబగబా తింది. పావుగంటలో గుండె దడదడలాడి, ఒళ్లంతా చెమట పట్టి, ఎంగిలాకుల తొట్టి పక్కన బల్లమీద పడుకుండిపోయింది. ఆకలి పోయినా ఆశ పోలేదని అప్పుడు అర్థమైంది. సొమ్మసిల్లడం కన్నా ఆ సంగతే ఆమెను ఎక్కువ భయపెట్టింది. మర్నాడు ఆసుపత్రికి వెళితే, కలైవాణి అనే నర్సు తిట్టలేదు. ఆశ ఉండటం తప్పు కాదని, ఒక్క ముక్క తీసుకుని, కూర్చుని, అందరి ఎదురుగా తినమని తమిళంలో చెప్పింది. ఆరోజు నుంచి దమయంతి ఏదీ చాటుగా తినలేదు.

పొట్టు పెసలు వేడినీళ్లలో నానబోసింది. పదకొండున్నరకు అల్లం, జీలకర్ర, చీలికంత పచ్చిమిర్చి వేసి రుబ్బింది. పెనం మీద పలచగా తిప్పి, కరకరలాడకుండా మూత పెట్టింది. వాసన గది దాకా పోవాలని వంటింటి తలుపు మాత్రం బార్లా తీసిపెట్టింది. ఒక్కటే అట్టు. పళ్లెంలో వేసి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చూసుకోండయ్యా. ఇది అట్టే గదా? ఇప్పుడు మీ ముందరే మెదుపుతా."

ఆయన పళ్లెం మీదికి వంగి ఆవిరి పీల్చాడు. దమయంతి అట్టును రెండు చేసి, సగాన్ని ఆయన చూస్తుండగానే వేడినీళ్లూ నెయ్యీ పోసి, పలుకు లేకుండా నూరి, ముద్ద చెంచా నుంచి జారకుండా నిలబడేదాకా చూసుకుంది. మిగతా సగం తన గిన్నెలో వేసుకుంది. ముద్ద ఆయన నోటి దగ్గరికి తీసుకెళ్లబోతే, ఆయన ఎడం చెయ్యి వచ్చి చెంచా పట్టుకుంది.

ఆమె వదిలేసింది. మొదటి ముద్ద సగం చొక్కా మీద పడింది. రెండోది పెదవుల దాకా వెళ్లింది. గడ్డం దించమని ఆమె చెప్పకముందే దించాడు. మింగాడు, మళ్లీ మింగాడు. ఆమె తన ముద్ద నములుతూ, ఆయన గొంతు మీదే కన్ను పెట్టుకుని కూర్చుంది. నలభై నిమిషాలకు రెండు గిన్నెలూ ఖాళీ అయ్యాయి.

"అల్లం... తక్కువ," అన్నాడు.

"రేపు ఎక్కువేస్తాలే," అందామె.

మూతి తుడిచి, బుగ్గల లోపల ఏమీ మిగల్లేదని తడిగుడ్డ చుట్టిన వేలితో చూసింది. అరగంట కుర్చీలోనే కూర్చోబెట్టి, ఆ తర్వాత మంచం మీదికి చేర్చింది. రెండు చేతులూ ఆయన చంకల కింద వేసి, మోకాళ్లు వంచి లేపింది. ఒకప్పుడు ఆ పనికి ఇద్దరు మనుషులు కావాలనేది. దుప్పటి కప్పాక, ఆయన ఎడం చేత్తో ఆమె మణికట్టు ఒకసారి తట్టి కళ్లు మూసుకున్నాడు. ఆమె బట్టలు మడతపెట్టింది. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగింది.

మూడింటికి లేపబోయింది. ఆయన లేవలేదు. మొహం ప్రశాంతంగా ఉంది. చెయ్యి చల్లబడింది.

ముద్ద ఏమైనా మిగిలి అడ్డుపడిందా అని దమయంతికి భయమేసింది. గడ్డం పట్టుకుని నోరు తెరిచి చూసింది, సెల్‌ఫోను లైటు వేసి మళ్లీ చూసింది. శుభ్రంగా ఉంది. కింద క్లినిక్కు నుంచి డాక్టర్ ఆనందన్ వచ్చాడు. ఆమె ఏమీ దాచకుండా, ఏం పెట్టిందో, ఎంత పెట్టిందో, ఎంతసేపు కూర్చోబెట్టిందో చెప్పింది. డాక్టరు అంతా విని, చాలాసేపు పరీక్ష చేశాడు. గొంతులో ఏమీ అడ్డుపడలేదనీ, నిద్రలో గుండె ఆగిపోయిందనీ తమిళంలో చెప్పి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఫోను చేసి సునయనకు చెప్పింది. వేడినీళ్లతో ఆయన ఒళ్లు తుడిచి, మరకపడిన చొక్కా మార్చి, చేతులు సరిచేసింది. ఐదింటికి సునయన వచ్చింది. మంచం పక్కన కూలబడి, తండ్రి చెయ్యి పట్టుకుని అడిగింది. "ఏమైనా తిన్నారా అక్కా, మధ్యాహ్నం?"

"పెసరట్టు తిన్నారు పాపా. ఎడం చేత్తో, సొంతంగా. అల్లం తక్కువన్నారు."

సునయన వెక్కుతూనే నవ్వింది. "నాన్న ఎవరి పెసరట్టుకీ బాగుందని అనలేదు. మా అమ్మక్కూడా."

దమయంతి సెల్‌ఫోనులో అలారం మోగింది. సాయంత్రం తిండివేళ. ఆమె సిగ్గుపడి నొక్కేసింది. సునయన లేచి వంటింట్లోకి పోయి గిన్నెలో పెరుగు తెచ్చింది. "తినండి. మీరు తిండివేళ తప్పితే పడిపోతారని నాన్నే చెప్పేవారు," అంది. దమయంతి గోడకు ఆనుకుని కూర్చుని, నాలుగు చెంచాల పెరుగు నెమ్మదిగా తింది. లోపలికొస్తున్న బంధువులు చూస్తున్నారని తెలిసినా చెంచా దించలేదు.

చీకటి పడేసరికి ఆయన్ని హాల్లోకి తీసుకుపోయారు. మరునాటి నుంచి ఇంకో ఇల్లు, ఇంకో మంచం. వెళ్లేముందు ఆమె పక్క దులపడానికి గదిలోకి వచ్చింది. ఎక్కడి నుంచో దోమ రొదలాంటి సన్నని చప్పుడు వినిపించింది. దుప్పటి తీసింది, దిండు ఎత్తింది. ఆయన చెవిలోంచి జారిపోయిన వినికిడి మిషను, చిక్కుడుగింజంతది, దిండు గలీబు మడతలో ఇరుక్కుని ఇంకా ఈల వేస్తూనే ఉంది.