రంగు పూయని రంగులు

నాకు ముక్కుమీదే కోపం. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆ ఉదయం మా తమ్ముడు నన్ను ల్యాబు గుమ్మం దగ్గరే ఆపేశాడు.

"అక్కా, దండం పెడతా. లోపల నోరెత్తకు."

"నిజం నువ్వే చెప్పేస్తే నేనెందుకెత్తుతానురా?"

"చెప్తే ఈ ఉద్యోగం కూడా పోతుంది."

ఆ నిజం ఇంట్లోవాళ్లకే తెలుసు. వాడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా కనిపించదు. చిన్నప్పుడు ఎర్ర దారం తెమ్మంటే ఆకుపచ్చ దారం పట్టుకొచ్చేవాడు. రెండూ పక్కపక్కన పెట్టి ఏది ఏదో నేనే చెప్పేదాన్ని. రైలు నడపాలని ఎంత ముచ్చటపడ్డాడో! కంటి పరీక్షలోనే పొమ్మన్నారు. అప్పట్నుంచి, ఎక్కడ తప్పు చెబుతానోనని, ఏ రంగు పేరూ నోట రానిచ్చేవాడు కాదు. అలాంటివాడు పోయి పోయి రంగుల పరిశోధనలోనే చేరాడు! మొండిఘటం. నా తమ్ముడే మరి.

వాడు చేసిన గాజు బిళ్లకు రంగంటూ ఏదీ పూయలేదు. దాని మీద ఒక పలుచటి పొర, ఆ పొర నిండా కంటికి ఆనని గుంటలు. ఆ గుంటల ఎడాన్ని బట్టి ఏ వెలుగు వెనక్కి వస్తే ఆ రంగు కనిపిస్తుందట. పొరకి లేజరు వేడి ఒకలా తగిలిస్తే లోపలి అణువులు బుద్ధిగా వరుసలో నిలబడతాయి, ఇంకోలా తగిలిస్తే చెల్లాచెదురైపోతాయి. దాంతో బిళ్ల రంగే మారిపోతుంది. కరెంటు తీసేసినా మారిన రంగు అలాగే ఉంటుంది. కుట్టుమిషను తప్ప ఏమీ తెలియని నాకే అర్థమయ్యేలా చెప్పాడు!

వాడికి శాశ్వత ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చడానికి బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఇంటివాళ్లూ చూడొచ్చన్నారని నేనూ వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాను. తమ్ముడు మీట నొక్కాడు. ఎర్రటి బిళ్ల ఆకుపచ్చగా మారింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన మాత్రం రంగును కొలిచే మిషను తెరకి తన ఫైలు అడ్డం పెట్టారు.

"మిషను సంగతి తర్వాత. ఇప్పుడు ఏ రంగుందో కళ్లతో చూసి చెప్పండి."

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

తమ్ముడు బిళ్లను చూశాడు. నన్ను చూశాడు.

"తెలియదండీ. ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకేలా కనిపిస్తాయి."



"మరి ఇదంతా ఎలా చేశారు?" అన్నారు పెద్దాయన.

"నా కళ్లను నేను నమ్మనండీ. అందుకే ప్రతి మార్పూ కొలిచాను. 'పచ్చగానే ఉందిలే' అని వదిలేసే వీలు నాకెక్కడిది?"

"మీకు కనిపించనిదాన్ని చేయడమెందుకు?"

"అందరూ అడిగేవి ఈ రంగులేనండీ." తమ్ముడు కాస్త తటపటాయించి జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. "నాకు తేడా తెలిసే రంగులతో నాకోసం ఇంకోటి చేసుకున్నాను. పదార్థం అదే. గుంటల కొలతలు మార్చానంతే."

ఆ బిళ్లను లేజరు కింద పెట్టి మీట నొక్కాడు. అంతే, ఎదురుగా ఎవరున్నారో కూడా మరిచిపోయాడు.

"అక్కా, చూడు! నీలం!" మళ్లీ నొక్కాడు. "ఇదిగో, పసుపు!"

ఊహ తెలిశాక వాడు నాకు రంగు చెప్పడం అదే మొదటిసారి. కళ్లనిండా నీళ్లొచ్చి ఆ పసుపు నాకే సరిగ్గా ఆనలేదు.

పెద్దాయన ఫైలు తీసి తెర మీది అంకెలు చూశారు. మీట తనే నాలుగుసార్లు నొక్కి చూసుకున్నారు. ఆ తర్వాత తమ్ముడి భుజం తట్టి, "మీలా కొలిచేవాళ్లే కావాలి. సోమవారం నుంచి మీ ఉద్యోగం శాశ్వతం" అన్నారు.

నోరెత్తొద్దన్నాడు కదూ! లేచి నిలబడి, "మా తమ్ముడండీ!" అని గదంతా దద్దరిల్లేలా అరిచాను.