ఎగురుతూ వేసిన ఈల

రోలుగుంట రోడ్డు పక్క చెరకు తోటల్లో మోటారు కేబుళ్లు రెండుసార్లు పోయాయి. రెండుసార్లూ మునిమాపు వేళ బీడు వైపు నుంచి ఈల వినబడిందని చెరకు రైతు దుర్గారావు చెప్పాడు. రైతులందరి మోటార్లకీ కాపలా దాసు ఒక్కడే. ఈల వేసి దొంగలకు సైగ చేస్తున్నది అతనేనని అందరి అనుమానం.

"నాను కాదు బాబూ, అది కప్పపిట్ట," అన్నాడు దాసు.

నేను కాలేజీలో జువాలజీ చదివినవాణ్ణని దుర్గారావు మా ఇంటికొచ్చాడు. "మీరు సెప్పండి మేస్టారూ. కప్పపిట్ట ఈలేస్తదా?"

"వెయ్యదు," అన్నాను.

కప్పలా నోరు తెరిచి చీకట్లో పురుగుల్ని పట్టే ఆ పిట్ట మా పెరటి గోడ అవతల రోజూ కూస్తుంది. రాతి మీద గోళీ జారవిడిచినట్టు ఠక్ ఠక్ ఠక్, చివర గలగలమని. ఆఖరి నెలల్లో నొప్పితో నిద్రపట్టక నా భార్య ఆ ఠక్కులు లెక్కపెట్టేది. ఎనిమిది దాటితే నవ్వేది. ఆ కూత నాకు తెలియదా?

నా మాటతో అనుమానం గట్టిపడింది. మంగళవారం అమ్మవారి ముందు దీపం ఆర్పి ప్రమాణం చెయ్యాలనీ, లేదంటే కాపలా మానుకోవాలనీ తేల్చారు. దాసు చెయ్యనన్నాడు.

"మా కూతురు గౌతమికి నెలలు నిండేయి. కడుపుతో ఉన్న గుంట ఇంట్లో ఉండగా దీపం ఆర్పీమంటారా?"

"సూసేరా? తప్పు సెయ్యనోడికి బయమేటి?" అన్నాడు దుర్గారావు.

నాకూ అలాగే తోచింది.

సోమవారం సాయంత్రం మోటారు షెడ్డు వెనక నక్కి కూర్చున్నాను. దాసు గట్టు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. వెలుగు సన్నగిల్లగానే ఈల వినిపించింది. దాసు నోటి నిండా ముద్ద ఉంది. మళ్లీ ఈల, ఈసారి నా నెత్తి మీదుగా.

తలెత్తాను. పొడవాటి రెక్కల పిట్ట ఒకటి బీడు మీద తిరుగుతూ, ఎగురుతూనే ఈల వేస్తోంది. మలుపు తిరిగినప్పుడు తోక రెండంచులూ తెల్లగా మెరిశాయి. అదే సమయంలో బండిబాట మీద గోళీ జారినట్టు ఠక్ ఠక్ వినిపించింది. అది నేలమీద కూర్చుని కూస్తున్న మా పెరటి జాతి పిట్ట. దాని తోక చివర చిన్న తెల్ల మచ్చలే ఉంటాయి. చూపుకి ఒక్కటే అనిపించే రెండు జాతులు. నేను ఒకదాన్నే ఎరిగి రెండింటికీ సాక్ష్యం చెప్పాను.

ఫోన్ చేస్తే దుర్గారావు బండి మీద వచ్చాడు. ఈల అతని నెత్తి మీంచి కూడా పోయింది.

"సరే, పిట్టే. మరి కేబులు పిట్ట ఎత్తుకుపోయిందేటి?"

"అది నాకు తెలీదు. ఈల మాత్రం దాసుది కాదు. ప్రమాణం మాట ఇక ఎత్తకండి."

"మీరు కాదంటేనే కదండీ ఇంతవరకూ వచ్చింది!"

"అవును. రేపు అందరి ముందూ తప్పు నాదని నేనే చెప్తాను."

"ఉండనీండి కాపలాకి. నా కన్ను మట్టుకు ఈడి మీదే ఉంటాది." బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

దాసు చెయ్యి కడుక్కున్నాడు. "షెడ్డెనకాల ఎందుకు కూకున్నారు బాబూ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "నిన్ను పట్టుకుందామని," అన్నాను.

దాసు టార్చి తీసుకుని లేచి, "నడండి, గట్టు తడిగా ఉన్నాది," అన్నాడు.

ముందు తను నడిచాడు, టార్చి వెలుగు వెనక్కి తిప్పి, నా కాళ్ల ముందు పడేలా పట్టుకుని.