డెబ్బై అయిదు ఆకాశాలు

బాబాయి చూపు నెలకు మించి నిలవదని కంటి డాక్టరు తేల్చి చెప్పిన మర్నాడే బుల్లి అచ్చు పని మొదలుపెట్టింది. నలభై దాటినా ఆమె ఇంట్లో అందరికీ బుల్లే. తండ్రి వదిలివెళ్ళిన రెండు గదుల అచ్చుకొట్టును ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. బాబాయి బొమ్మలు వేస్తాడు, కథలూ రాస్తాడు. ఆయన కథల పుస్తకాలు అయిదూ ఆ కొట్టులో అచ్చయినవే.

చివరి బొమ్మగా ఆయన ఊరవతల కొండల మధ్య ఉన్న సరస్సును ఎంచుకున్నాడు. రెండేళ్ళపాటు, చూపు తగ్గుతూ ఉండగానే, భూతద్దం పెట్టుకుని నాలుగు చెక్క పలకలు చెక్కాడు. రంగుకొక పలక. బొమ్మలో మూడొంతులు ఆకాశమే. డెబ్బై అయిదు ప్రతులు మాత్రమే తీసి, ఒక్కొక్కదాని కింద నంబరు వేసి సంతకం పెట్టి, మళ్ళీ ఎవరూ అచ్చు వెయ్యకుండా పలకలు పాడుచెయ్యాలి. కొనేవాళ్ళకు ఇచ్చిన మాట అది.

మూడు రంగులు సాఫీగా పడ్డాయి. నీలం దగ్గర చిక్కొచ్చింది. డబ్బా మూత తీస్తే లోపల రంగు అట్టకట్టి ఉంది. కొత్తది రావాలంటే మూడు వారాలు పడుతుందన్నాడు రంగుల కొట్టువాడు.

"మూడు వారాలా? అప్పటికి నా సంతకం నాకే కనబడదే" అన్నాడు బాబాయి.

బుల్లి అటకంతా గాలించింది. గోడల మీద అంటించే పోస్టర్లకు వాడే నీలం ఒక డబ్బా దొరికింది. కాగితం మీద రుద్ది చూస్తే అచ్చం అదే రంగు. పోస్టరు నాలుగు నెలలు నిలిస్తే చాలు, బొమ్మ తరాలు నిలవాలి. ఆ తేడా ఆమెకు తెలియనిది కాదు. ఎండ తగలకపోతే ఏమీ కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. బాబాయికి చెప్పలేదు.

మొదటి ప్రతిని ఆయన కిటికీ దగ్గర ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేనే. నేను చూసిన నీలం ఇదే" అన్నాడు.

రెండు రోజులు కూర్చుని, పెన్సిలు కింద స్కేలు ఆనించుకుని, డెబ్బై అయిదు సంతకాలూ పెట్టాడు. "ఇన్ని సంతకాలు పెడితే బ్యాంకులో ప్రమోషన్ ఇస్తారు, నాకు మెడనొప్పి మిగిలింది" అని నవ్వాడు. తర్వాత ఉలి అడిగి తీసుకుని, నాలుగు పలకల మీదా ఆ చివరినుంచి ఈ చివరికి లోతుగా గీతలు దింపాడు. పని అయిపోయింది. నెల తిరక్కుండానే చూపూ పోయింది.

అయిదు నెలల తర్వాత, బొమ్మ కొన్నవాళ్ళలో ఒకరైన పళ్ళ డాక్టరమ్మ ఒక ఫ్రేమును గుడ్డలో చుట్టుకుని కొట్టుకు వచ్చింది.

"తిరిగివ్వడానికి రాలేదండీ. బాగుచేసే దారేమైనా ఉందేమో కనుక్కుందామని."

బుల్లి గుడ్డ విప్పి చూసింది. కొండలున్నాయి, ఒడ్డున రాళ్ళున్నాయి. ఆకాశం మాత్రం నేల తుడిచిన గుడ్డ పిండిన నీళ్ళలా ఉంది. సరస్సూ అంతే.

ఆ వారంలోనే లైబ్రరీ నుంచి ఫోనొచ్చింది. ఆ తర్వాత ఒక లెక్కల మాస్టారు, ఒక నర్సు. బుల్లి ఒక ప్రతి మీద కుంచెతో నీలం వేసి చూసింది. కాగితం ఉబ్బి, పక్కనున్న కొండ కూడా చెరిగిపోయింది. మళ్ళీ అచ్చు వేద్దామంటే పలకలు లేవు. మళ్ళీ చెక్కుదామంటే కళ్ళు లేవు.

ఒకటో నంబరు ప్రతి బాబాయి మంచానికి ఎదురుగా, కిటికీ పక్కనే ఉంది. ఆయన్ని చూడవచ్చే వాళ్ళకు రంగు పోయిందని అనొద్దని బుల్లి గుమ్మంలోనే చేత్తో సైగ చేసేది. వాళ్ళు లోపలికెళ్ళి, "బాగుందండీ, చాలా బాగుంది" అని తలొంచుకుని వచ్చేసేవారు.

ఇంతలో ఒక పత్రిక ఆయన్ని వ్యాసం అడిగింది. ఆయన చెబుతుంటే బుల్లి రాసేది. మూడో రోజు మధ్యాహ్నం ఆయన దిండుకు చేరగిలబడి చెప్పాడు:

"రాయి. నా కథలు ఎవరికీ గుర్తుండకపోవచ్చు. దానికి నాకు దిగులు లేదు. నేను చూసిన నీలం డెబ్బై అయిదు ఇళ్ళలో ఉంది. నాకిప్పుడు కనబడకపోయినా, ఎవరో ఒకరు పొద్దున లేచి దాన్ని చూస్తున్నారు. నాకు అది చాలు." దిండు సర్దుకుని, "రాశావా?" అన్నాడు.

బుల్లి కలం కదల్లేదు.

"ఏమే, నిద్రపోయావా?"

"బాబాయ్, ఆ నీలం లేదు." మొత్తం చెప్పేసింది. డబ్బా సంగతి, డాక్టరమ్మ సంగతి, గుమ్మంలో చేసిన సైగల సంగతి.

"అన్నీనా?"

"వెలుతురు తగిలినవన్నీ."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"చెప్పకుండా ఉండాల్సింది, బుల్లీ."

"నా చేత్తో ఆ అబద్ధం రాయలేకపోయాను బాబాయ్."

"నీ బరువు దిగింది. నేను దీన్నెక్కడ దించుకోను?"

ఆమె ఆయన పాదాలు పట్టుకుంది. ఆయన తిట్టలేదు, పొమ్మనలేదు. పాదాలు మాత్రం మెల్లగా దుప్పట్లోకి లాక్కున్నాడు. సాయంత్రం దాకా ఆమె మంచం పక్కన నేల మీద కూర్చునే ఉంది.

"ఆ పేరా కొట్టెయ్. అసలు మొత్తం కొట్టెయ్. ఒంట్లో బాగాలేదని పత్రికవాళ్ళకి చెప్పు" అన్నాడు చివరికి.

ఆ తర్వాత ఆయన ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. బుల్లి బొమ్మల అచ్చు మానేసింది. ఇప్పుడు మందు సీసాల మీద అంటించే చీటీలు కొడుతోంది. రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆయనకు పేపరు చదివి పెడుతుంది. మొన్న వాన వెలిశాక వెళ్ళి, కూర్చుంటూనే, "బాబాయ్, ఇవాళ కొండల మీద ఆకాశం ఎంత తేటగా ఉందో..." అని మొదలుపెట్టింది.

"పేపరు చదువమ్మా" అన్నాడాయన.

ఆమె మొదటి పేజీ విప్పి చదవడం మొదలుపెట్టింది.