మంద్రం పేరు మీద పాట

అతని అసలు పేరు స్టూడియోల్లో ఎవరికీ గుర్తులేదు. అందరూ మంద్రం అనే పిలిచేవాళ్ళు. మాట తక్కువ, మాట్లాడినా గొంతు పైకి లేవదు, వాయించేది బేస్ గిటార్. ఆ పేరు పెట్టింది అతని బావమరిది. డ్రమ్ములు వాయించే ఆ బావమరిదికి నోరూ చేతులూ ఒక్కచోట నిలిచేవి కావు. “మా అక్క నీ మొహం చూసి ఒప్పుకుందనుకుంటున్నావేమో బావా, నీ శబ్దం విని ఒప్పుకుంది. మొహం తర్వాత చూసింది, అప్పటికే ఆలస్యమైపోయింది” అని నలుగురిలో ఆటపట్టించేవాడు.

ఆ శబ్దం మాత్రం నిజంగా వేరు. మంద్రం గిటార్‌కు మెట్లు ఉండవు; వేలు ఎక్కడ ఆనితే స్వరం అక్కడే. తీగలు తెగితే తప్ప మార్చడు. కొత్త తీగలు కొత్త అల్లుళ్ళలాంటివి, ఊరికే గొంతు చేసుకుంటాయి అనేవాడు. తీగల కింద, చివర్లో, గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఒకటి దూర్చి, బొటనవేలి కండతో మీటేవాడు. పక్కగదిలో ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుని ఏదో చెప్పబోతున్నట్టు వినిపించేది. బస్సులో ఏదో పాట వస్తుంటే పాడేదెవరో తెలియనివాళ్ళు కూడా, “ఇందులో మంద్రం ఉన్నాడు” అనేవాళ్ళు. కుర్రకారు వచ్చి ఏ స్పీకరు వాడతారని అడిగేవాళ్ళు. అదే స్పీకరు, అదే రకం స్పాంజి కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళకు ఆ శబ్దం వచ్చేది కాదు. ఒక్క శిష్యురాలికి మాత్రం కొంచెం కొంచెంగా పట్టుబడింది. పెళ్ళయి, ఒక బిడ్డ పుట్టాక నేర్చుకోవడం మొదలుపెట్టిన మనిషి ఆమె.

ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే మంద్రానికి గది గిర్రున తిరిగింది. గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. వాంతులయ్యాయి. ఎడమ చెవిలో దూది కుక్కినట్టు అనిపించింది. కళ్ళు తిరగడం తగ్గింది గాని దూది అలాగే ఉండిపోయింది. కొన్ని వారాలకు కుడి చెవీ అదే దారి పట్టింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఇంట్లో గిటార్ తీసి, అన్నిటికన్నా లోతుగా పలికే తీగ మీటాడు. ఏమీ పలకలేదు. స్పీకరు పోయిందనుకుని శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. వంటగదిలోంచి భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

“ఏమిటండీ అది, అల్మరాలో గ్లాసులన్నీ ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. కాస్త తగ్గించండి.”

అతను తీగ వైపు చూశాడు. అది ఇంకా ఊగుతూనే ఉంది.

డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేయించాడు. చెవి లోపలి నీటి ఒత్తిడి నరాన్ని దెబ్బతీసిందన్నాడు. “వయసు మీద పడితే మామూలుగా సన్నటి పై శబ్దాలు ముందు పోతాయి. మీకు అడుగు నుంచి పోతున్నాయి.”

“తిరిగొస్తాయా?”

“ఉన్నవాటిని కాపాడుకుందాం. ఉప్పు తగ్గించండి.”

ఆడవాళ్ళ మాటలు, పిల్లల మాటలు బాగానే వినిపించేవి. మగవాళ్ళ గొంతులు మాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేవి. బావమరిది మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చేది. మంద్రం ఈ సంగతి భార్యకొక్కదానికే చెప్పి, “మీ తమ్ముడికి తెలియనివ్వకు” అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

రికార్డింగులు మానలేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు చేతిలో ఉంది కదా అనుకున్నాడు. తాళం కోసం బావమరిది కాలి కదలిక చూసేవాడు. స్వరం కోసం గిటార్ మెడ పక్కనున్న చుక్కలు చూసేవాడు. కాని మెట్లు లేని గిటార్‌లో కళ్ళు చెప్పేది సగమే. మిగతా సగం చెవి చెప్పాలి. అతని రెండు చెవులూ రెండు రకాలుగా చెప్పేవి.

అప్పుడు వచ్చింది ఆ పాట. నెమ్మదైన పాట; మొదట్లో చాలాసేపు బేస్ ఒక్కటే పలకాలి. మంద్రం కళ్ళు చుక్కల మీద పెట్టి, చెమటలు కక్కుతూ వాయించాడు. అయిపోయాక తలెత్తి అద్దం అవతలికి చూశాడు. సౌండ్ ఇంజనీరుగా ఉన్న అమ్మాయి మీటల వైపు చూస్తోంది. బావమరిది దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“బ్రహ్మాండం బావా. నువ్వు ఇంటికెళ్ళి పడుకో. మిగతాది నేను చూసుకుంటాను.”

పాట బయటికొచ్చి ఊపేసింది. ఎక్కడ చూసినా అదే. పాట కింద బేస్ గిటార్ అని మంద్రం పేరే ఉంది. అతనితో కలిసి పనిచేసిన ముసలి వయొలినిస్టు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి కావలించుకున్నాడు. వినిపించడం లేదని తెలియక చెవి దగ్గరే మాట్లాడబోతే, మంద్రం అతన్ని ఎదురుగా కూర్చోబెట్టాడు.

“ఇన్నేళ్ళలో నువ్వు ఇలా వాయించలేదురా. ఆ రెండో చరణానికి ముందు, ఏడుపు దిగమింగుకున్నట్టు ఒక్క క్షణం ఆగావు చూడు. నాకు నిద్రపట్టలేదు.”

మంద్రం నవ్వి కాఫీ ఇప్పించాడు. రెండో చరణానికి ముందు తను ఆగలేదు. చేతులకది బాగా తెలుసు.

మర్నాడు బావమరిది వస్తే వంటగదిలో నిలబెట్టి అడిగాడు.

“ఆ పాట ఎవరు వాయించారు?”

“అదేం ప్రశ్న బావా.”

“ఎవరురా?”

బావమరిది అక్క వైపు చూశాడు. ఆమె స్టవ్ ఆర్పింది. “నేనే చెప్పానండీ వాడికి. మీరు నలుగురిలో నవ్వులపాలు కాకూడదని” అంది.

“నీ శిష్యురాలు వాయించింది” అన్నాడు బావమరిది. “పేరు నీదే ఉండాలని ఆమే అంది. ఎవరికీ నష్టం లేదు బావా. నీ పరువు నిలిచింది.”

“నేను శ్రుతి తప్పానా?”

“వదిలెయ్ బావా.”

“ఎక్కడ తప్పాను?”

బావమరిది మొహం తిప్పుకోబోయి, పెదాలు కనిపించాలని గుర్తొచ్చి ఆగాడు. “మొదటి నుంచి చివరి దాకా” అన్నాడు.

మంద్రం అన్నం తినకుండా పడుకున్నాడు. రెండురోజులు గది దాటి బయటికి రాలేదు. మూడోరోజు చొక్కా వేసుకుని సంగీత దర్శకుడి దగ్గరికి వెళ్ళి, “అది నేను వాయించలేదు. వాయించినవాళ్ళ పేరు పెట్టండి. నాకు చెవులు పోయాయి” అని చెప్పేశాడు. శిష్యురాలు వద్దని ఫోన్ చేసి బతిమాలుతూనే ఉంది. ఒకరి కష్టం నా పేరు మీద ఎందుకుండాలి తల్లీ అని అతను వినలేదు. పేరు మారింది.

పాట మారలేదు. అవే స్వరాలు, అదే ఆగడం. కాని పేరు మారిన వారం నుంచి జనానికి అది వేరేగా వినిపించింది. అచ్చు దింపింది గాని ప్రాణం లేదన్నారు. మంద్రం వాయించి ఉంటే ఆ లోతే వేరన్నారు. ముసలి వయొలినిస్టు దారిలో కనబడి, “నాకు అప్పుడే అనుమానం వచ్చిందిరా, ఆ రెండో చరణం దగ్గర” అన్నాడు. ఆమెను పిలుస్తామన్న ఇద్దరు సంగీత దర్శకులు తర్వాత చూద్దామన్నారు. మంద్రాన్ని సరేసరి, ఇంకెవరూ పిలవలేదు.

ఒక సాయంత్రం శిష్యురాలు గిటార్‌తో సహా వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చుంది.

“మాస్టారూ, వాళ్ళనేది నిజమేనా? మీరు చెప్తే నమ్ముతాను. ఇంకెవరు చెప్పినా నమ్మబుద్ధి కావట్లేదు.”

“వాయించు” అన్నాడు.

ఆమె ఆ పాటే మొదలుపెట్టింది. అతను కుర్చీ దగ్గరికి లాక్కుని, వంగి, దవడను గిటార్ చెక్కకు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. దవడ ఎముకలోకి, పళ్ళలోకి వణుకు పాకింది. ఒక్కో స్వరానికి ఒక్కో వణుకు. అంతే. వణుకు స్వరంగా మారుతుందేమోనని పాట అయిపోయేదాకా అలాగే కాచుకున్నాడు. మారలేదు.

“బాగుంది తల్లీ” అన్నాడు తలెత్తి.

ఆమె అతని కళ్ళలోకి చూసింది. “వినిపించిందా మాస్టారూ?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. తన దగ్గర పదేళ్ళు నేర్చుకున్న మనిషితో ఆ మాట అనలేకపోయాడు.

“లేదు.”

ఆమె కోపం లేకుండానే అంది: “పేరు మార్చకుండా ఉండాల్సింది మాస్టారూ. మీ పేరు పెట్టి అందరూ మెచ్చుకుంటుంటే, అది నా చెయ్యే కదా అని లోపల్లోపల ఎంత సంతోషంగా ఉండేదో. ఇప్పుడు నేను విన్నా తప్పులే వినిపిస్తున్నాయి.”

“మంచే చేస్తున్నాననుకున్నాను.”

“తెలుసు మాస్టారూ.”

ఆమె గిటార్ సంచిలో పెట్టుకుని, లోపలికెళ్ళి మంద్రం భార్యకు చెప్పి వెళ్ళిపోయింది. తర్వాత రికార్డింగులకు వెళ్ళలేదు. ఎక్కడో పిల్లలకు పియానో నేర్పే బడిలో టీచరుగా చేరిందని, గిటార్ ముట్టుకోవడం లేదని ఒకరోజు బావమరిది వచ్చి చెప్పాడు. అప్పుడు మంద్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బావమరిది లేచి, చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, అదంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.