రుచి చూడలేదని ప్రమాణం

"పదేళ్లయింది నువ్వు కాపురానికొచ్చి. ఒక్కరోజైనా ఉప్పు చూసి దించావటే? ఒకనాడు చప్పిడి, ఒకనాడు సముద్రం. నా నాలుక మొద్దుబారిపోయింది!" పొద్దున్నే అందుకుంది అత్త హెర్బుర్గ.

లియోబ పొయ్యిలోకి పుల్లలు ఎగదోసింది. కోతలకు ఇంకా నెల ఉంది. బార్లీ అడుగంటింది, పిల్లలిద్దరూ నాలుగు రోజులుగా చిక్కుడు గింజల జావతో నెట్టుకొస్తున్నారు. వండటానికే ఏమీ లేనప్పుడు ఉప్పు గొడవేమిటని ఆమెకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం మొగుడు వెర్మండ్ భుజాన తోలుసంచితో వచ్చాడు. అందులో ఎద్దుమాంసం.

"ఏటవతల ఎవరిదో ఎద్దు కాలు విరిగింది. కోసిపెట్టినందుకు నా వాటా ఇచ్చారు," అన్నాడు ఆమె మొహం చూడకుండా.

గొలుసుకు వేలాడే ఇనప బానలో ఉల్లికాడలతో మాంసం ఉడికింది. పొద్దుటి మాట ఇంకా గుచ్చుకుంటుంటే, లియోబ మొదటిసారిగా గరిటె ముంచి, ఊది, నాలుక మీద వేసుకుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. గుమ్మంలో ఉన్ని వడుకుతున్న అత్త ఆ పని చూడనే చూసింది.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది!" అంది.

ఉల్లి పొట్టు పారబోయడానికి లియోబ పెరట్లోకి వెళ్లింది. కప్పు కూలిపోయిన పాత మగ్గం పాక గుంటలో వెర్మండ్ వంగి ఏదో పూడుస్తున్నాడు. ఎద్దు తల. నుదుటి మీద తెల్లమచ్చ. పక్కింటి తిద్వాల్డ్ ఎద్దు అది, ఊళ్లో దాన్ని ఎరగనివాళ్లు లేరు.

రాజు చట్టం ఆమెకు గుర్తొచ్చింది. దొంగకు ఎలాగూ శిక్ష తప్పదు. మొగుడు దొంగిలించిన పశువు మాంసం తాను రుచి చూడలేదని పెళ్లాం ప్రమాణం చేస్తే ఇంట్లో మూడోవంతు ఆమెకు దక్కుతుంది, పిల్లలు ఆమె దగ్గరే ఉంటారు. రుచి చూసిందా, ఇంటిల్లిపాదీ బానిసలే.

"ఎంత పని చేశావయ్యా!"

"పిల్లలు ఆకలని ఏడుస్తుంటే చేతులు కట్టుకు కూర్చోమంటావా?"

"ఆ పిల్లల్నే అమ్మేస్తారు కదయ్యా!"

అప్పుడే కుక్కలు మొరిగాయి. నెత్తురు మరకల జాడ పట్టుకుని తిద్వాల్డ్, ఊరిపెద్ద ఓస్లాక్, నలుగురు మనుషులు పెరట్లోకి దూసుకొచ్చారు. అక్కడే వెర్మండ్ చేతులు కట్టేసి, ఇద్దర్నీ ఇంట్లోకి నడిపించారు. పెరటి మాటలన్నీ వినబడే ఆ గుమ్మంలోనే అత్త కూర్చున్నచోట కూర్చుని ఉంది.

ఓస్లాక్ మెడలోని సిలువ తీసి లియోబ ముందుకు చాపాడు. "రుచి చూడలేదని దీని మీద చెయ్యేసి చెప్పమ్మా."

"ఏం చెబుతుంది? గరిటె ఇంకా తడిగానే ఉంది చూడండి," అన్నాడు తిద్వాల్డ్. "వండే మనిషి రుచి చూడకుండా ఉంటుందా?"

లియోబ గుమ్మం వైపు చూసింది. తాను రుచి చూడటం అత్త కళ్లారా చూసింది. కొడుకు పోతుంటే కోడలు మిగలడం ఏ తల్లికి రుచిస్తుంది?

అత్త లేచింది. "ఇదా, రుచి చూసి వండేది? నా ఖర్మ! పదేళ్లుగా దీని ఉప్పు కషాయం తాగుతున్నది నేను. నమ్మకపోతే ఒక గుక్క తాగి చూడు నాయనా, నీకే తెలుస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కానీ చారు కుదిరిందని లియోబకు తెలుసు.

ఓస్లాక్ గరిటె ముంచి నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం తుపుక్కున ఉమ్మేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పందైనా ముట్టదు దీన్ని! ప్రమాణం చెయ్యమ్మా, చాలు."

పొయ్యి పక్కన ఉప్పుకుండ బోర్లా పడి ఉంది, ఖాళీగా. ఏడాదికి సరిపడే ఉప్పు. అత్త కుడిచేతిని ఎడమచేతిలోని ఉన్ని కింద దాచుకుంది. లియోబ సిలువ మీద చెయ్యేసి, అబద్ధం చెప్పింది.

వెర్మండ్‌ను తీసుకుపోయారు. అత్త వాకిట్లోకి వెళ్లలేదు. అరచేతికి అంటిన తెల్లటి ఉప్పును కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది.

"ఉప్పు కుమ్మరించబోయే ముందు నేనూ ఒక చుక్క చూశానే," అంది చివరికి. "బాగా కుదిరింది."

ఆ మాట అని, కొడుకు వెళ్లిన దారివైపు తిరిగి భోరుమంది.