ఇరవై ఐదు కంటే ముందొచ్చిన రెండు వందలు

"ఆ టకటకలు ఆపి చిక్కుడుకాయల సంగతి చూడమ్మా సింధూరీ. హనుమాన్ జంక్షన్ నుంచి సీతమ్మ పిన్నివాళ్ళు భోజనానికొస్తున్నారు," అన్నారు అత్తగారు రామతులసి. సింధూరి ల్యాప్‌టాప్‌ను వంటగట్టు మీదికి మార్చుకుంది. చెవిలో ఆఫీసు మీటింగ్ వింటూ, చేత్తో కాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. భవానీపురంలోని ఆ ఇంట్లో ఆమె ఉద్యోగానికి టకటకలు అనే పేరు ఖాయమైపోయింది. అత్తగారు ఆ మాట నవ్వుతూనే అంటారు. ఆ నవ్వులో విషమేమీ లేదు, ఉంటే కనీసం పోట్లాడటానికన్నా వీలుండేది.

భర్త సిద్ధార్థది కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. అతను ఫోన్లో మాట్లాడుతుంటే హాల్లో టీవీ గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఆ మాటే ఒకసారి అడిగితే, "నాది ఆఫీసు, నీది ఇంట్లో కూర్చుని చేసుకునేది. రెంటికీ పోలికేంటి సింధూ?" అన్నాడు.

ఈమధ్య ఆమె కుస్తీ పడుతున్నది పోలికతోనే. ఒక ఆసుపత్రి వాళ్ళ పని అది. రోగుల వివరాలున్న చోటికి ఏ కంప్యూటర్లను లోపలికి రానివ్వాలో, ఫలానా అడ్రసు నుంచి ఫలానా అడ్రసు దాకా అని వాళ్ళు హద్దులిచ్చారు. కంప్యూటర్ అడ్రసంటే చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. వాటిని మాటల్లా చూసి పోలిస్తే, యంత్రం ఎడమ నుంచి ఒక్కో అంకే చూసుకుంటూ పోయి, మొదటి 2 సమానమే, రెండో చోట 5 కంటే 0 చిన్నది కదా అని 200ని తీసుకెళ్ళి 25కి ముందు కూర్చోబెడుతుంది. ఒకటి నుంచి ఇరవై ఐదు దాకానే రానివ్వమంటే రెండు వందలు కూడా దర్జాగా లోపలికొచ్చేస్తుంది. బయటివాళ్ళు ముందే రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలేవీ వాడకూడదని ఆసుపత్రి వాళ్ళ షరతు. అందుకని ఆ నాలుగు సంఖ్యల్నీ కలిపి ఒకే పెద్ద సంఖ్యగా మార్చి, ఆ తర్వాతే పోల్చేలా ఆమే సొంతంగా కొన్ని లైన్లు రాసింది. రాస్తున్నంతసేపూ మనసు ఇంటి మీదికే పోయేది. సిద్ధార్థ పనినీ తన పనినీ అందరూ పేరు చూసి పోల్చినవాళ్ళే. ఒక్కరైనా గంటల్లోకి మార్చి చూడలేదు. చూస్తే ఏం తేలుతుందో తనకి తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఆమెకు పెద్ద దుఃఖంగా ఉండేది.

చెవిలో టీమ్ లీడ్ గంగాప్రసాద్ ఆసుపత్రి తరఫున వచ్చిన మేడమ్‌కి చెబుతున్నాడు. "మా టీమ్ చాలా సింపుల్‌గా చేసిందండీ. సంఖ్యగా మార్చే లైన్లు అనవసరమనిపించి నేనే తీసేశాను. అడ్రసులు ఎలా ఉన్నవి అలాగే పోల్చేస్తున్నాం."

సింధూరి చేతిలో కాయ ఆగిపోయింది. ఆ కోడ్ అలాగే వెళితే రోగుల వివరాలు ఎవరెవరి చేతుల్లోనో పడతాయి. ఇప్పటిదాకా వినపడని ఆమె పేరు అప్పుడు మాత్రం తప్పకుండా బయటికొస్తుంది. ఆమె మైక్ ఆన్ చేసింది.

"అలా పోల్చకూడదండీ, తప్పొస్తుంది," అంటుండగానే కుక్కర్ కూతేసింది. హాల్లోంచి సిద్ధార్థ "సింధూ, కాఫీ!" అని కేకేశాడు. మీటింగ్‌లో ఎవరో కిసుక్కుమన్నారు.

"మేడమ్, మీరు ఇంటి పనిలో ఉన్నట్టున్నారు. మ్యూట్ చేసుకోండి, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు గంగాప్రసాద్ సింధూరితో, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాదకి ఆమెకు ఏడుపొచ్చింది. వేలు మ్యూట్ మీదికి వెళ్ళింది కూడా. కాఫీ ఏమైందో చూద్దామని సిద్ధార్థ గుమ్మం దాకా వచ్చాడు. సంగతి అర్థమై, నోటికి అడ్డంగా వేలు పెట్టి ఆపెయ్యమని సైగ చేశాడు.

"ఆగండాగండి, ఎవరండీ మాట్లాడింది?" అంది ఆసుపత్రి మేడమ్. "ఇన్నాళ్ళలో ఈ గొంతు ఎప్పుడూ వినలేదే!"

"సింధూరినండీ." కన్నీళ్ళు చెంపల మీదికి దిగుతున్నాయి, వాటిని తుడుచుకోలేదు. "ఆ కోడ్ రాసింది నేనేనండీ."

"అయితే ఎందుకు తప్పో మీరే చెప్పండి."

కుక్కర్ మళ్ళీ కూతేసింది. "మాడిపోతుందమ్మాయ్!" అని అత్తగారు హాల్లోంచి అరిచారు. సింధూరి మైక్ కట్టెయ్యలేదు. గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు తిరిగి, అందరూ వింటుండగానే అంది:

"ఏవండీ, ఆ స్టవ్ మీరు చూసుకోండి. నేను ఆఫీసులో ఉన్నాను."