నీడ తల మీది గంప

"మీయమ్మ నీడ కోసం బండి కొంటావా, మనం ఎక్కడానికి కొంటావా? ఏదో ఒకటి తేల్చి సెప్పు. అందాకా నాను ఇక్కడే కూకుంటాను."

దుర్గాభవాని ఈ మాట ఇంట్లో అనుంటే మొగుడు గంగరాజు విననట్టు ఊరుకునేవాడు. నరసన్నపేట హైవే మీద షోరూములో, ఏసీలో, నలుగురు చూస్తుండగా అంది. అని, నిజంగానే తెల్ల సోఫాలో కూర్చుండిపోయింది.

అవి వేట నిషేధం రోజులు. తిత్లీ తుపాను వచ్చిన ఏడాదే, అది రాకముందు ఎండాకాలం. పడవలు ఒడ్డెక్కేసి ఉన్నాయి, ఐసు పెట్టెలు బోర్లించి ఉన్నాయి, గంగరాజు చేపల వేను చింతచెట్టు కింద దుమ్ము పట్టి ఉంది. చేపల వ్యాపారికి సంబంధాలు చూడాలన్నా బండ్లు చూడాలన్నా ఏడాదిలో తీరిక ఆ రెండు నెలలే.

అతని తల్లి జగ్గమ్మ అద్దాల అవతల ఎండలో నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే, "ఆ నున్నటి నేల మీద జారిపోతానురా" అంది.

జగ్గమ్మ తల మీద నెరిసిన ముడి తప్ప ఏమీ లేదు. ఆవిడ నీడ తల మీద మాత్రం చేపల గంప ఉంది. గంప కింద గుడ్డ చుట్టకుదురు, అంచు మీంచి వేలాడే ఒక చేప తోక, అన్నీ ఉన్నాయి. పదేళ్ళ నుంచీ ఉన్నాయి. ఊళ్ళో పిల్లలు ఆ గంప నీడలో చేరి గోళీలాడుకునేవారు. బస్సు కండక్టరు దానికి లగేజీ టికెట్ కొట్టేవాడు, ఆవిడ డబ్బులిచ్చేది.

చిక్కల్లా కార్లతోనే. గంప పైకప్పుకి తన్నుకుని మెడ లాగేసేది, తలుపు పడేది కాదు. మోకాళ్ళు అరిగేక బస్సు మెట్లూ ఎక్కలేకపోయింది. వారం వారం శ్రీకాకుళం ఆసుపత్రికి చేపల వేనులోనే వెళ్ళేది. ఇద్దరు ఎత్తి వెనక ఎక్కిస్తే, కడ్డీ పట్టుకుని దారంతా నిలబడేది. "ఇంకో ఆర్నెల్లు ఇలా నిలబడి తిరిగేవంటే నడక మర్చిపో మామ్మా" అన్నాడు డాక్టరు. ఆ మాటకే గంగరాజు షోరూముకి వచ్చేడు.

వాళ్ళు వచ్చీ రాగానే సేల్స్ మేనేజరు మోహనకృష్ణ అట్ట మీద ఒక కాగితం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"మీ లైఫ్‌స్టైల్ చెప్తే ఏ బండి సూటవుద్దో నేను చెప్తానండి."

"లైఫ్‌స్టైలంటే ఏటండి?"

"అదేనండి, మీరు ఎలా బతుకుతారో."

గంగరాజు ఆలోచించేడు. "మూడింటికి లేస్తాను. ఇసక, ఐసు, నెత్తళ్ళ సేపల కంపు. తెల్లారీసరికి పేట మార్కెట్టు."

'బీచ్‌కి తరచుగా వెళ్తారు' అని రాసుకున్నాడు మోహనకృష్ణ. "ఎంతమంది తిరుగుతారు?"

"ముగ్గురుం."

"సామాను?"

"ఏటీ నేదు."

సామాను గడిలో సున్నా చుట్టేడు.

భవానికి నచ్చింది బయట పెట్టిన ఎర్రటి బండి. పొట్టిగా, నున్నగా ఉంది, పైకప్పులో అద్దం కిటికీ. బయటికొచ్చి జగ్గమ్మని చూసిన మోహనకృష్ణ నీడని కూడా ఒకసారి చూసేడు. కొలత తీసుకునే దర్జీ చూపు అది. "పై అద్దం తీస్తే గంప బయటికొచ్చేస్తుందండి" అన్నాడు.

తీసేరు. జగ్గమ్మ కూర్చుంది. గంప సగం వరకూ వెళ్ళి అంచు దగ్గర ఇరుక్కుంది.

"ఓలమ్మ, మెడ ఇరిగిపోతన్నాది, దింపండర్రా" అంది.

రెండోది పోలీసోళ్ళు తిరిగే రకం. ఎత్తుగా, నలుపలకలుగా, పెట్టెలా ఉంది. గంప హాయిగా పట్టేలాగే ఉంది గానీ జగ్గమ్మ కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది. గొడవ అక్కడే మొదలైంది. భవాని షోరూములోకెళ్ళి సోఫాలో కూర్చున్నదీ అప్పుడే. వెళ్తూ వెళ్తూ, "ఇది మళ్ళీ సేపల వేనే. పెళ్ళికెళ్తే బండిని సూసే సెప్తారు, సేపలోళ్ళొచ్చేరని" అంది.

గంగరాజు సోఫా వైపు చూసేడు, మెట్టు వైపు చూసేడు. తల్లి దగ్గరికొచ్చేడు.

"ఆ మెట్టుకేటయిందే అమ్మా?"

"మెట్టుకేటవలేదు. ఈ బరువుతోటి ఎక్కలేనురా."

"బరువేటి? నీడే గదా."

"నీడకి బరువుండదని నీకు ఎవులు సెప్పేరు?" అంది జగ్గమ్మ, మెడ రాసుకుంటూ. "దింపితే దిగుతాది."

"మరి పదేళ్ళలో అడగనేదేటి?"

"గంప దింపమని నోరు తెరిసి అడుగుతారేట్రా ఎవులైనా?"

అడగరు. గంగరాజుకి తెలుసు. నిండు గంప ఒంటి మనిషి దించుకోలేదు. ఎవరి గుమ్మంలో ఆగితే ఆ ఇంటివాళ్ళు చెయ్యెయ్యాలి. పగదాని గంపైనా సరే, చూసినవాళ్ళు వచ్చి చెయ్యెయ్యాలి. ఒడ్డున పుట్టినవాళ్ళకి నడకతో పాటు వచ్చే సంగతి అది.

పదేళ్ళ కిందట కొత్త వేను దగ్గర, పేట షావుకార్ల మధ్య అతను నవ్వుతూ నిలబడి ఉంటే, తల్లి గంపతో వచ్చింది. తలకొట్టేసినట్టయి, "ఇంకా ఇదేటే" అని గంప లాగి వేనులోకి విసిరేసేడు. దింపలేదు. లాగేసేడు. ఆ సాయంత్రం నుంచే నీడ మీద గంప. ఊళ్ళో ఆడవాళ్ళు చెయ్యేసి చూసేరు గానీ వాళ్ళ నీడల చేతులకి అది అందలేదు. అతను ఎప్పుడూ చెయ్యెయ్యలేదు.

పది గంటల ఎండ. గంగరాజు తల్లికి ఎదురుగా, తన నీడ ఆవిడ నీడకి ఎదురుపడేలా నిలబడ్డాడు. ఖాళీ గాలిలోకి చేతులెత్తేడు. నేల మీద అతని నీడ చేతులు గంప అంచు పట్టుకున్నాయి. ఒక్కసారిగా భుజాలు జారిపోయినంత బరువు.

"ఎక్కడ పెట్టీదే?" అన్నాడు పళ్ళ బిగువున.

"కాలే సిమెంటు మీద సేపలు పెడతారేట్రా? తడిసిన ఇసక దొరికీదాకా నెత్తినెట్టుకో."

పెట్టుకున్నాడు.

జగ్గమ్మ మెడ అటూ ఇటూ తిప్పింది. నేల మీద తన నీడ వైపు చాలాసేపు చూసింది. ఒక బక్క ముసలిది, ఒక చిన్న ముడి. "ఇంతేనా నాను?" అంది.

వెళ్ళి ఎర్ర బండిలో కూర్చుంది. తలుపు మొదటిసారి టప్పుమని పడింది. అద్దంలోంచి చూస్తున్న భవాని గబగబా బయటికొచ్చింది. ఇంక ఎర్రబండే. గంగరాజు కూడా నవ్వుతూ స్టీరింగు దగ్గర కూర్చుని తలుపు లాగేడు.

పడలేదు. మళ్ళీ లాగేడు. మెడ కలుక్కుమంది.

భవాని మొగుడి నీడని చూసింది. ఎర్ర బండిని చూసింది. తర్వాత అత్త పక్క తలుపు తీసి చెయ్యందించింది.

"దిగత్తా. ఆ ఎత్తుదాంట్లోకి ఎక్కుదువు. నాను సెయ్యేస్తాను." మోహనకృష్ణతో అంది, "దానికి కింద ఇంకో మెట్టు కట్టించండి. ఎలాగూ సేపలోళ్ళమే, కలెక్టర్లం గాదు."

జగ్గమ్మ ముందు సీటులో కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. పదేళ్ళ తర్వాత కొడుకు పక్కన.

మోహనకృష్ణ కాగితంలో సున్నా కొట్టేసి 'గంప, ఒకటి' అని రాసేడు. "అందులో ఏముందని రాయమంటారు?"

"నెత్తళ్ళు" అంది జగ్గమ్మ.

మీరూ ఎప్పుడో ఒకరోజు బండి చూడ్డానికి వెళ్తారు. సామాను గడి దగ్గర 'ఏమీ లేదు' అనే ముందు, మీతో వచ్చి బయట ఎండలో నిలబడ్డవాళ్ళ నీడ ఒక్కసారైనా చూస్తారా?